డబ్బా ఎవరిది?

"ఏం చెయ్యాలో చెప్పు, చేసేస్తాను." ఈ మాట అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటారు. మా వదినకి మోకాలి ఆపరేషన్ అయి కొన్నాళ్ళు మంచం దిగకూడదన్నప్పుడు అన్నయ్య, పిల్లలిద్దరూ రోజూ ఆ మాటే అన్నారు. అన్నట్టుగానే చేశారు కూడా. వంటకీ, బట్టలకీ, ఇల్లు తుడవడానికీ ఏ లోటూ రాలేదు. ఆగిపోయినవి వేరే పనులు. నీళ్ళ ఫిల్టర్ మార్చాల్సిన సమయం దాటిపోయింది. చిన్నవాడి కంటి పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సిన వారం గడిచిపోయింది. ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టడానికి అదే ఆఖరి రోజని బాగా పొద్దుపోయాక వదినకి గుర్తొచ్చింది. అన్నయ్య అప్పటికప్పుడు ఫోన్లో కట్టేశాడు. రెండు నిమిషాల పని. "నేనే ముందు చెప్పి ఉండాల్సింది" అని వదిన నొచ్చుకుంది.

ఆవిడ అలా నొచ్చుకోవడం నాకు అస్సలు నచ్చలేదు. నొప్పితో పడుకున్న మనిషి, మిగతావాళ్ళకి పని గుర్తుచెయ్యడం కూడా తన బాధ్యతే అని ఎందుకనుకోవాలి? ఆ ఇంట్లో పని చెయ్యగలవాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. ఏ పని ఎప్పుడు చెయ్యాలో తెలిసింది మాత్రం ఆవిడ ఒక్కదానికే.

సోషియాలజిస్టు ఆలిసన్ డామింగర్ 35 జంటలతో విడివిడిగా మాట్లాడి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంటి గురించి చేసే ఆలోచనని ఆమె నాలుగు భాగాలు చేశారు. అవసరాన్ని ముందే పసిగట్టడం, అది తీరే మార్గాలు వెతకడం, వాటిలో ఒకటి నిర్ణయించడం, అనుకున్నట్టు జరిగిందో లేదో చూసుకోవడం. నిర్ణయం దగ్గర చాలావరకు ఇద్దరూ ఉంటారు. పసిగట్టడం, చివర్లో చూసుకోవడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతున్నాయని ఆమె గమనించారు. "ఏం చెయ్యాలో చెప్పు" అన్న మాట సరిగ్గా ఆ రెండింటినీ అవతలి మనిషి దగ్గరే వదిలేస్తుంది. వదిన ఇంట్లో జరిగింది అదే.

ఈ రెండు పనుల్నీ ఒక మనిషి బుర్రలోంచి తీసి, ఇంట్లో అందరికీ అందే చోట పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. అందుకు ఇండెక్స్ కార్డుల డబ్బాకంటే సులువైన సాధనం నాకు ఇంతవరకు కనబడలేదు. ఒక్కో పని ఒక్కో చిన్న గట్టి కార్డు మీద రాసి డబ్బాలో తేదీల వారీగా పెట్టుకోవడం, ఏ రోజువి ఆ రోజు తీసి బల్ల మీద పెట్టడం, అంతే. మా ఇంట్లో కొన్నేళ్ళుగా అది నడుస్తోంది. వదిన మంచం మీద ఉండగా మా మేనకోడలు, పరీక్షలకి చదువుకోగా మిగిలిన ఖాళీ కార్డుల కట్ట పట్టుకొచ్చి పక్కన కూర్చుని "అమ్మా, ఇంకా ఏమేం గుర్తుపెట్టుకుంటావు?" అని అడుగుతూ ఒక్కో పని ఒక్కో కార్డు మీద రాసింది. సాయంత్రానికి పెద్ద దొంతి అయింది. అన్నయ్య వాటిని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగి, "ఇది ఎప్పుడు చేస్తున్నావు నువ్వు?" అని వదినని అడిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న అడిగే అవకాశమే అతనికి రాలేదు. ఎందుకంటే ఆ పనులు ఎక్కడా కనిపించలేదు.

ఫోన్ ఉండగా కార్డులెందుకు?

ఈ సంగతి చెబితే నా స్నేహితురాలు మొదట అన్న మాట ఇదే. ఫోన్లో రిమైండర్ పెట్టుకుంటే పోతుంది కదా, కాగితాలతో ఈ కష్టమెందుకు అని. కొట్టిపారెయ్యాల్సిన ప్రశ్నేమీ కాదు. కార్డు మోగదు. ఎనిమిదింటికి వేసుకోవాల్సిన మాత్ర గురించి, నాలుగింటికి వెళ్ళాల్సిన మీటింగ్ గురించి డబ్బాలోని కార్డు ఏమీ చెప్పలేదు. బయట ఉన్నప్పుడు కార్డు చేతిలో ఉండదు. పేరు కొట్టి వెతకడానికి వీల్లేదు. గంటకి కట్టుబడిన పనులు ఫోన్‌కే వదిలెయ్యాలి, అందులో నాకు ఏ వాదనా లేదు.

అయితే ఇంటి పనుల్లో గంటకి కట్టుబడినవి తక్కువ. ఈ వారంలోనో ఈ నెలలోనో అయితే చాలు అన్నవే ఎక్కువ. అలాంటి పని ఫోన్లో ఒకానొక క్షణంలో మోగుతుంది. ఆ క్షణంలో మనం బండి మీద ఉంటాం, లేదా ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాం. వేలితో పక్కకి తోసేస్తాం. పని అలాగే ఉంటుంది, గుర్తుచేసేది మాత్రం పోతుంది. బల్ల మీద పెట్టిన కార్డు చేసేదాకా అక్కడే ఉంటుంది.

దీనికంటే పెద్ద తేడా ఇంకొకటుంది. ఫోన్ ఒక మనిషిది. అందరూ చూసుకునే క్యాలెండర్లు ఉన్నాయి, నిజమే. నేను చూసిన ఇళ్ళలో వాటిలో పనులు రాసేది ఒకరే, మిగతావాళ్ళు అడిగినప్పుడు తెరుస్తారు. కార్డుని చేతికివ్వచ్చు. బల్ల మీద ఐదు కార్డులుంటే ఎవరికి వీలైనది వాళ్ళు తీసుకోవచ్చు. తీసుకున్నాక అది వాళ్ళదని మిగతావాళ్ళకి చెప్పక్కర్లేదు, బల్ల మీద లేదు కాబట్టి తెలుస్తుంది. మా నాన్నగారు మాతో ఉన్నన్నాళ్ళూ స్మార్ట్‌ఫోన్ జోలికి వెళ్ళలేదు. మందుల పెట్టెలో గడువు దాటిన మందులు తీసెయ్యమనే కార్డు మాత్రం ప్రతిసారీ ఆయనే తీసుకునేవారు. పెద్ద అక్షరాలతో ఆ కార్డుని మళ్ళీ రాసింది కూడా ఆయనే. ఏ యాప్‌లోనూ ఆయనకి ఆ చోటు దొరికేది కాదు.

మరి నోట్‌బుక్కు సరిపోదా అంటే, లైబ్రరీల్లో కేటలాగు కార్డులు ఎందుకు వచ్చాయో గుర్తుచేసుకుంటే చాలు. పుస్తకంలో రాసిన పట్టికలో మధ్యన కొత్త పేరు చేర్చాలంటే చోటుండదు. ఒక పుస్తకానికి ఒక కార్డు అయితే ఎక్కడైనా దూర్చచ్చు, తీసెయ్యచ్చు, మిగతాది తిరగరాయక్కర్లేదు. ఇంటి పనుల జాబితాకి కూడా అదే అవసరం. వారం తిరిగేసరికి నోట్‌బుక్కులో సగం కొట్టేసినవి, సగం మిగిలినవి అయిపోతాయి, మళ్ళీ కొత్త పేజీలో ఎత్తి రాసుకోవాలి. మూడంగుళాలు అయిదంగుళాల కార్డులో ఒకే పని పడుతుంది. అంత చిన్నదిగా ఉండటమే దాని బలం.

గడువు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి?

మళ్ళీ మళ్ళీ వచ్చే పనులు రెండు రకాలని చాలామంది గమనించరు. పన్ను రిటర్ను, ప్రీమియం, పుట్టినరోజు, ఇవి తేదీకి కట్టుబడినవి. మనం ఏం చేసినా ఆ తేదీ కదలదు. ఫిల్టర్ మార్చడం, ఫ్రిజ్ వెనక కాయిల్ మీద దుమ్ము తియ్యడం, వాషింగ్ మెషిన్ డ్రమ్ము శుభ్రం చెయ్యడం, పరుపు తిరగెయ్యడం, ఇవి వ్యవధికి కట్టుబడినవి. వీటి గడువుని కిందటిసారి చేసిన రోజునుంచి లెక్కపెట్టాలి. ఆరు నెలలకోసారి మార్చే ఫిల్టర్‌ని ఈసారి నెల ఆలస్యంగా మార్చితే, తర్వాతిది అక్కణ్నుంచి ఆరు నెలలకి. మామూలు క్యాలెండర్‌లో పెట్టిన రిమైండర్‌కి ఈ సంగతి తెలియదు. మనం చేశామా లేదా అన్నదానితో సంబంధం లేకుండా వస్తూనే ఉంటుంది. అవసరం లేనప్పుడు నాలుగుసార్లు మోగితే ఐదోసారి ఎవరూ పట్టించుకోరు. పూర్తయిన రోజునుంచి లెక్కపెట్టే యాప్‌లు కొన్ని ఉన్నాయి, కాదనను. కార్డుతో మాత్రం వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు. పని చేసిన చేత్తోనే కార్డుని ముందుకి తీసుకెళ్ళి పెట్టాలి కాబట్టి, లెక్క దానంతటదే చేసిన రోజునుంచి మొదలవుతుంది.

డబ్బాలో ఏర్పాటు పాతదే. కార్డుల మధ్య నిలబెట్టే అట్టలు, నెలల పేర్లతో 12, తేదీలతో 31, మొత్తం 43. ఈ రోజు తేదీ అట్ట వెనక ఉన్నవి బయటికి తీస్తాం. చేశాక వచ్చే నెలల్లో ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్తాయి. నెల మొదట్లో ఆ నెల కార్డులన్నీ తీసి తేదీల్లో సర్దుతాం. ఇంతకుమించి నేర్చుకోవాల్సింది లేదు.

నాకు ఎక్కువ ఇష్టమైనది కార్డు వెనక భాగం. చేసిన ప్రతిసారీ అక్కడ తేదీ వేస్తాం. ఫిల్టర్ సైజు, మోడల్ నంబరు, ఏ స్క్రూడ్రైవర్ కావాలి, ముందు ఏ వాల్వు మూయాలి, ఇవన్నీ అక్కడే ఉంటాయి. ఒక పని వేరే మనిషి చేతికి ఎందుకు వెళ్ళదు అంటే చాలాసార్లు కారణం ఇంత చిన్నదే. చేసే మనిషికి తెలిసిన నాలుగు వివరాలు రెండో మనిషికి తెలియవు. అడగడం మొహమాటం, చెప్పడం విసుగు, దానికంటే చేసేసుకోవడమే నయమనిపిస్తుంది. కార్డు వెనక ఆ నాలుగు వివరాలూ ఉంటే పదమూడేళ్ళ పిల్లాడైనా ఫిల్టర్ మారుస్తాడు. మా అబ్బాయి మారుస్తున్నాడు.

ఆ తేదీలు ఇంకొకటి కూడా చెబుతాయి. బాత్రూమ్ జాలీ కింద జుట్టు తియ్యడం మా ఇంట్లో నెలకోసారి అని రాసుకున్నాం. వెనక తేదీలు చూస్తే, నీళ్ళు నిలిచి ఎవరికైనా ఇబ్బంది అయింది రెండు నెలలు దాటినప్పుడే. కార్డు మీద వ్యవధి మార్చేశాం. ఇన్నాళ్ళూ నెలకోసారి చెయ్యాలన్నది ఎవరి నిర్ణయమో కూడా ఎవరికీ తెలియదు.

వ్యవధి అన్నది ఒకరి మాట కాకుండా కార్డు మూలన రాసిన అంకె అయినప్పుడు దాని గురించి మాట్లాడుకోవడం సులువవుతుంది. కర్టెన్లు నెలకోసారి ఉతకాలా, ఆరు నెలలకోసారా అన్నదాని మీద మా ఆయనకీ నాకూ ఎప్పుడూ పడేది కాదు. ఇదివరకు ఆ గొడవ "నీకు శుభ్రం పట్టదు", "నువ్వు అతి చేస్తావు" అన్న చోట ఆగేది. ఇప్పుడు ఒక అంకె గురించి మాట్లాడుకుంటాం. మూడు నెలల దగ్గర ఒప్పందం అయింది.

తేదీలతో పట్టుకోలేని పనులు కూడా ఉన్నాయి. సరుకు అయిపోవడం లాంటివి. వీటికి టయోటా ఫ్యాక్టరీలో తాయిచి ఓనో ప్రవేశపెట్టిన కాన్‌బాన్ కార్డుల ఆలోచన ఇంట్లోకి చక్కగా దిగుతుంది. అక్కడ వాడిన భాగాల వెంట ఉన్న కార్డు వెనక్కి వెళ్తే, మళ్ళీ పంపండి అని దానర్థం. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మేము అదనంగా ఉంచుకున్న చివరి ఫిల్టర్‌కి, బల్బుల చివరి పెట్టెకి రబ్బరు బ్యాండుతో కార్డు చుట్టి పెడతాం. దాన్ని తీసిన మనిషి కార్డుని బల్ల మీద పెట్టాలి, అంతే. అయిపోతోందని ఎవరూ కాపలా కాయక్కర్లేదు.

ఒక్కసారి చేసే పనులు

వీటి కార్డులు చేశాక చించెయ్యడానికి. ఇందులో చెప్పాల్సింది ఎక్కువ లేదు, ఒక్క ఇబ్బంది తప్ప. "స్టోర్ రూమ్ సర్దడం" అని రాసిన కార్డు ఎన్నాళ్ళయినా కదలదు. అది ఒక పని కాదు, ఎన్నో పనుల మూట. పాత కంప్యూటర్ ఎవరికివ్వాలో కనుక్కోవడం, అటకమీది పెట్టెలో ఏముందో చూడటం, విరిగిన కుర్చీ బాగవుతుందో లేదో తేల్చుకోవడం, ఇలా మొదటి అడుగు రాస్తేనే ఎవరైనా దాన్ని చేతిలోకి తీసుకుంటారు. అది అయ్యాక అదే కార్డు మీద తర్వాతి అడుగు.

మాటిమాటికీ వాయిదా పడే కార్డు విషయంలో నాకు చాలాకాలం ఒక అనుమానం ఉండేది. డబ్బా నిండా చెయ్యనివి పెట్టుకుని రోజూ వాటి మొహం చూడటం టెన్షన్ పెంచదా? మర్చిపోయి హాయిగా ఉండటమే నయం కదా? ఈ అనుమానం ఉన్నవాళ్ళు నాకు చాలామంది తగిలారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. పూర్తికాని పనులు మనసులో ఎక్కువ మెదులుతాయని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించిన ప్రయోగాలు చెప్పాయి. తర్వాత చేసిన ప్రయోగాల్లో కొన్నిట్లో అదే ఫలితం వచ్చింది, కొన్నిట్లో రాలేదు. నాకు ఉపయోగపడింది 2011లో మాసికాంపో, బామీస్టర్ అనే మనస్తత్వవేత్తలు ప్రచురించిన ప్రయోగాలు. పని పూర్తి చెయ్యకపోయినా, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా అనుకుంటే చాలు, అది మనసులో అడ్డుతగలడం తగ్గిందని వాళ్ళు చూపించారు. కార్డుకి ఒక తేదీ, ఒక మొదటి అడుగు ఉంటే అది భారం కాదని నా అనుభవం కూడా. ఆ రెండూ లేని కార్డే రోజూ కళ్ళలో పడి గుచ్చుతుంది.

కాబట్టి మూడోసారి వాయిదా పడిన కార్డుని ఇంట్లో అందరి ముందు పెడతాం. ఎవరికైనా ఇది కావాలా? ఎవరూ కావాలనకపోతే చించేస్తాం. చించాక దాని గురించి ఎవర్నీ ఏమీ అనకూడదు. ఇది మాకు కలిగించినంత తేలిక ఇంకేదీ కలిగించలేదు. రోజువారీ పనులకి అసలు కార్డులు రాయం. గిన్నెలు తోమాలని గుర్తుచెయ్యడానికి సింకు చాలు. అవి కూడా రాసుకున్న ఇళ్ళలో డబ్బా ఉబ్బిపోయి, రెండు నెలలకే మూలన పడటం చూశాను.

డబ్బాని తెరిచేది ఎవరు?

ఇప్పుడు నన్ను నిజంగా ఆలోచనలో పడేసే చోటుకి వస్తాను. ఇంటి పనులకి ఈ కార్డుల పద్ధతి కొత్తది కాదు. అమెరికాలో పామ్ యంగ్, పెగ్గీ జోన్స్ అనే అక్కచెల్లెళ్ళు 1977లో తమ ఇళ్ళని దారిలో పెట్టుకోవడానికి ఇదే పద్ధతి మొదలుపెట్టారు. 1981లో వాళ్ళ పుస్తకం వచ్చాక ఎంతోమంది గృహిణులు దాన్ని అందుకున్నారు. వాళ్ళంటే నాకు గౌరవం. కానీ ఆ డబ్బా ఇల్లాలిది. ఆవిడ బుర్రలో ఉన్నదాన్ని కార్డుల మీదకి తెచ్చి, ఆ కార్డుల్ని మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టింది. మర్చిపోవడం తగ్గుతుంది, పని సాఫీగా జరుగుతుంది. ముందే పసిగట్టడం, చివర్లో చూసుకోవడం ఎవరివన్న ప్రశ్న ఉన్నచోటే ఉంటుంది.

అమెరికన్ రచయిత్రి ఈవ్ రాడ్‌స్కీ 2019లో తెచ్చిన 100 కార్డుల పద్ధతి దీనికి ఒక జవాబు. పనులన్నీ కార్డులు, కార్డు తీసుకున్న మనిషి ఆ పనిని ఆలోచించడం దగ్గర్నుంచి ముగించేదాకా మొత్తంగా తీసుకోవాలి. "చెప్తే చేస్తాను" అన్నదానికి అక్కడ చోటు లేదు. ఆ సూత్రం నాకు నచ్చింది. మా ఇంట్లో మాత్రం పనులు మనుషులకి శాశ్వతంగా పంచెయ్యడం కుదరలేదు. ఉద్యోగాల వేళలు మారతాయి, ఒకరు ఊళ్ళో ఉండరు, ఒకరికి ఒంట్లో బాగుండదు. ఏ కార్డు ఎవరైనా తియ్యగలగాలి. అలాంటప్పుడు రోజూ డబ్బా తెరిచి బల్ల మీద కార్డులు పెట్టే మనిషి ఒకరు కావాలి. మొదట్లో ఆ మనిషి నేనే, ఎందుకంటే పొద్దున్నే ముందు లేచేది నేను. కొన్నాళ్ళకి మా అమ్మాయి ఆ సంగతి ఎత్తి చూపించింది. "అమ్మా, ఇప్పుడు కూడా నువ్వే చెప్తున్నావు, కాకపోతే కాగితంతో చెప్తున్నావు" అంది.

ఆ మాట సరైనదే. అప్పట్నించి "డబ్బా తెరవడం" కూడా ఒక కార్డు అయింది. ప్రతి ఆదివారం చేతులు మారుతుంది. ఆ వారం అది ఎవరి దగ్గరుంటే వాళ్ళు పొద్దున్న కార్డులు బయటపెడతారు, రాత్రి మిగిలిపోయిన వాటిని రేపటికి జరుపుతారు. పనులన్నీ వాళ్ళే చెయ్యాలని లేదు. ఇది పెట్టాక పిల్లలిద్దరూ నాన్నని కార్డుల గురించి అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు అన్నీ నన్నే అడిగేవాళ్ళు.

ఇందులో కష్టం ఎవరికంటే, ఇన్నాళ్ళూ అన్నీ గుర్తుపెట్టుకున్న మనిషికే. వేరేవాళ్ళ వారంలో డబ్బా ఒక రోజు తెరవకపోతే చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. ఒక్కసారి తెరిస్తే చాలు, మర్నాటినుంచి అది మళ్ళీ మన పనే. తెరవకుండా ఉండాలంటే ధైర్యం చాలదు, ముందే కొంత జాగ్రత్త కావాలి. ఆలస్యమైతే నష్టం వచ్చేవాటిని విడిగా చూడాలి. ప్రీమియం, పన్ను, లైసెన్సు రెన్యూవల్ లాంటి కార్డుల్ని అసలు గడువు తేదీలో కాకుండా రెండు వారాల ముందు తేదీలో పెడతాం. పాస్‌పోర్ట్ కార్డు గడువుకి ఏడాది ముందే బయటికి వస్తుంది, ఎందుకంటే చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉంటేనే లోపలికి రానిస్తాయి. ఇలా ముందుకి జరిపాక, ఎవరి వారంలోనైనా డబ్బా రెండు రోజులు మూతపడి ఉన్నా కర్టెన్లు గురువారానికి బదులు శనివారం ఉతుకుతారు, అంతకంటే ఏమీ కాదు.

కొత్తగా మొదలుపెట్టే ఇళ్ళకి నేను చెప్పేది ఒకటే. కార్డులు అందరూ కలిసి కూర్చుని రాయండి. మొదటి ఆదివారం ఆ తెరిచే కార్డుని, ఇప్పటిదాకా "ఏం చెయ్యాలో చెప్పు" అంటూ వచ్చిన మనిషి చేతికి ఇవ్వండి.